గురివింద గింజ ఎత్తు

వినాయక చవితికి మట్టి వినాయకుణ్ణి ఇంట్లోనే చేసుకునే అలవాటున్న వాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. బొజ్జా, తొండమూ, చేటల్లాంటి చెవులూ అన్నీ కుదిరాక, చివర్న కళ్ళు పెట్టాలి. డబ్బాలోంచి రెండు గురివింద గింజలు తీసి, నల్ల బొట్టు బయటికి కనిపించేలా తడి మట్టిలో అద్దుతాం. అంతవరకూ మట్టిముద్దగా ఉన్నది కాస్తా అప్పుడు మనవైపు చూడటం మొదలుపెడుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు.

నిమజ్జనం అయ్యాక ఆ రెండు గింజలూ ఏమయ్యాయో ఎవరూ అడగరు. మట్టి కరిగిపోతుంది. గింజలు కరగవు. బకెట్టు అడుగునో, పెరట్లో మొక్క మొదట్లోనో పడి మెరుస్తూ ఉంటాయి. ఏ చంటివాడో చూసి తీసుకుంటాడు.

ఆ రెండు కళ్ళ కథే ఈ పూట చెప్పాలనుకుంటున్నాను. రెండు వేల ఏళ్ళకు పైగా మన దేశంలో బంగారాన్ని తూచింది ఈ గింజే. కంసాలి నమ్మాడు, రాజు నమ్మాడు, కూతురికి నగ చేయించే తల్లి నమ్మింది. అంత నమ్మకం సంపాదించుకున్న ఈ గింజ కడుపులోనే, మొక్కల్లో దొరికే విషాలన్నిటిలోకీ ఘోరమైనదొకటి దాగి ఉంది. మన పూర్వులకి ఈ రెండు సంగతులూ తెలుసు. మనకేమో ఇప్పుడు సామెత ఒక్కటే మిగిలింది, గురివింద తన నలుపెరగదని.

ముందు తీగను చూద్దాం. గురివింద, గురిగింజ, గురువెంద అని ఊరికో విధంగా పలుకుతారు. సంస్కృతంలో గుంజ, కృష్ణల, రక్తిక అన్నారు. ఆ రక్తికే ఉత్తరాదిలో రత్తీ అయింది. తమిళులకి కుండుమణి, మలయాళీలకి కున్నిక్కురు. చిక్కుడు కుటుంబానికి చెందిన తీగ ఇది. సన్నగా, బలహీనంగా కనిపిస్తుందే గాని, ఏ కంచో పొదో దొరికితే చుట్టుకుంటూ పదీ ఇరవై అడుగులు పాకిపోతుంది. ఆకు చూస్తే చింతాకు గుర్తుకొస్తుంది, ఒక్కో ఈనెకి పది నుంచి ఇరవై జతల దాకా చిన్న చిన్న రెక్కలుంటాయి. వానలు పడ్డాక లేత గులాబీ రంగు పూలు గుత్తులుగా పూస్తుంది. తర్వాత చిన్న కాయలు గుత్తుగా వస్తాయి. ఎండిన కాయ తనంతట తానే విచ్చుకుని మెలితిరిగి, లోపలున్న నాలుగైదు గింజల్ని రాల్చెయ్యకుండా అలాగే పట్టుకుని ఉంటుంది. ఆకులు రాలిపోయిన ఎండాకాలపు కంచె మీద ఎర్రగా మెరిసేవి ఇవే.

దీనికి సేవ అక్కర్లేదు. మెట్ట నేలలు, రాళ్ళ గుట్టలు, వానలు అంతంతమాత్రంగా పడే చోట్లు దీనికి ఇష్టం. నీళ్ళు నిలిచే చోట బతకదు. ఒకసారి వేరు దిగిందంటే ఎండల్ని లెక్కచెయ్యదు. పైన తీగ మాడిపోయినా అడుగున వేరు బతికే ఉండి, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. విత్తనం మాత్రం మొండిది. పెంకు ఎంత గట్టిదంటే నీరు లోపలికి దిగదు. ఆ పెంకును అరగదీస్తేనో, వేడినీళ్ళలో నానవేస్తేనో గాని త్వరగా మొలవదు. ఈ పెంకు సంగతి గుర్తుంచుకోండి. గురివింద చరిత్ర అంతా ఆ పెంకు మీదే నడిచింది.

ఎలాగంటే, బంగారం తూచడానికి కావలసిన గుణం అదే కదా! వడ్లగింజ చెమ్మకి ఉబ్బుతుంది, ఎండకి బరువు తగ్గుతుంది, పురుగు పడుతుంది. గురివింద పెంకులోకి నీరు పోదు, పురుగూ సులువుగా దూరదు. ఏళ్ళ తరబడి డబ్బాలో ఉంచినా బరువు మారదు. అందుకని మనవాళ్ళు దీన్ని పట్టుకున్నారు. సింధు నాగరికత నాటి రాతి తూనికరాళ్ళు కూడా ఈ గింజ లెక్క మీదే చేశారని కొందరు పండితులు అంటారు. ఆ తూనికరాళ్ళలో అతి చిన్నవాటి బరువు దాదాపు ఎనిమిది గింజల ఎత్తుకు సరిపోతుందట. అది ఊహే అనుకున్నా, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మాత్రం స్పష్టంగానే ఉంది: ఐదు గుంజలు ఒక సువర్ణ మాషం, పదహారు మాషాలు ఒక సువర్ణం. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనూ అదే లెక్క. అంటే 80 గురివిందల ఎత్తు బంగారం ఒక సువర్ణం. వెండి నాణేలకి 32 గింజల ఎత్తు. మ్యూజియంలో ముద్రలు గుద్దిన పాత వెండి నాణేలు, చతురస్రంగానో వంకరటింకరగానో ఉండేవి, మీరు చూసే ఉంటారు. కరీంనగర్ ప్రాంతంలో గోదావరి ఒడ్డున కోటిలింగాలలో కూడా దొరికాయి. వాటిలో చాలావాటి బరువు మూడున్నర గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ముప్పై రెండు గింజలు పక్కన పెట్టి తూచి చూస్తే లెక్క సరిపోతుంది.

గింజలన్నీ ఒకే బరువు ఉంటాయని పెద్దవాళ్ళు చెప్పేవారు. నిజానికి ఉండవు. ఒక తీగ గింజకీ మరో తీగ గింజకీ తేడా ఉంటుంది, ఒక్క కాయలోనే పెద్దదీ చిన్నదీ ఉంటాయి. సుమారుగా ఒక్కోటి గ్రాములో పదోవంతు తూగుతుంది. మరి ఇలాంటి గింజతో బంగారం ఎలా తూచారు? ఏరి తూచారు. ఎండి ముదిరినవి, ఒకే పాటి ఉన్నవి ఏరుకుని, ఒకదాన్ని ఒక తట్టలో, రెండోదాన్ని రెండో తట్టలో వేసి సరిచూసుకుని పెట్టుకునేవారు. అంతకంటే ముఖ్యం, తూకానికి ఒక్క గింజ కాదు, పదో ఇరవయ్యో వేస్తారు. ఒకటి కాస్త ఎక్కువైతే మరొకటి కాస్త తక్కువై సర్దుకుంటుంది. ఇంత చేసినా మోసానికి చోటు ఉండనే ఉంది. కొనేటప్పుడు బరువు గింజలు, అమ్మేటప్పుడు తేలిక గింజలు వేసేవాళ్ళు ఉండరా? అందుకే వెనకటి గృహిణులు కొందరు తమ గింజలు తామే చిన్న డబ్బాలో దాచుకుని, కంసాలి దగ్గరికి కొంగున కట్టుకుని వెళ్ళేవారు. అనుమానం కాదు, జాగ్రత్త!

ఈ లెక్క ఎంత దూరం పోయిందో చూడండి. 1526లో ఆగ్రా చేజిక్కించుకున్న బాబరు తన ఆత్మకథలో హిందూస్థానం తూనికలు పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. ఎనిమిది రత్తులు ఒక మాషా, పన్నెండు మాషాలు ఒక తులం. అంటే తులానికి 96 గురివిందలు. కొడుకు హుమాయూను తెచ్చి చూపించిన పెద్ద వజ్రం ఎనిమిది మిస్కాలుల బరువని కూడా రాశాడు. ఆయన లెక్కలోనే మిస్కాలుకి ఐదు మాషాలు కనుక, అది 320 రత్తుల వజ్రం.

తర్వాత నూట నలభై ఏళ్ళకి, 1665లో, ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే ఔరంగజేబు కొలువులో మరో మహా వజ్రాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. దాని బరువు 319 న్నర రత్తులని రాశాడు. అది కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనిలో దొరికిందని కూడా ఆయనే చెప్పాడు. ఈ రెండూ ఒకటేనా? వీటిలో ఏది కోహినూరు? దీని మీద పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల పండితులు తెగ వాదించుకున్నారు. వాదం అంతా ఎక్కడికొచ్చి ఆగిందనుకున్నారు? రత్తి ఎంత బరువు అన్న దగ్గర! కంసాలి రత్తి వేరు, రత్నాల వర్తకుడి రత్తి వేరు. రెండోది మొదటిదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. పేరు ఒకటే, బరువు రెండు. ప్రపంచంలోకెల్లా పేరుమోసిన వజ్రం వంశవృక్షం ఒక కంచె మీది గింజ దగ్గర చిక్కుపడింది.

కొల్లూరు గనుల్లో మాత్రం రత్తి నడవలేదు, అక్కడ తూకం మాంజెలిన్ అంటాడు టావెర్నియే. ఆ పేరు విని కంగారు పడకండి. మన మంజాడి గింజే పరదేశి నోట అలా మారింది. మంజాడి అంటే బండి గురివింద, చెట్టున కాసేది, నల్లబొట్టు లేకుండా మొత్తం ఎర్రగా, కాస్త పెద్దగా, బల్లపరుపుగా ఉంటుంది. ఒక మంజాడికి రెండు గురివిందలని దక్షిణాది లెక్క. ఆ కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది.

ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. దాన్ని 96తో భాగిస్తే గురివింద ఎత్తు 0.12 గ్రాము పైచిల్లర వస్తుంది. అంటే అప్పటికే గింజ కాగితం మీద అంకె అయిపోయింది, తూకంలో ఇత్తడి రాళ్ళు వచ్చాయి. 1956 చట్టంతో మెట్రిక్ తూనికలు వచ్చాక, 1960లు వచ్చేసరికి తులమూ చట్టంలోంచి పోయింది. అయినా మన నోటినుంచి పోలేదనుకోండి. ఇప్పటికీ పది గ్రాముల్ని తులమనే అంటున్నాం. పాత నగ మార్చేటప్పుడు పది గ్రాముల తులమా, పాత తులమా అని ఒక్కమాట అడిగి తెలుసుకోవడం మంచిది. తేడా గ్రామున్నర పైమాటే.

ఇంతవరకూ పెంకు పైభాగం. ఇక లోపలికి వెళదాం.

గింజలో ఉన్న విషాన్ని ఏబ్రిన్ అంటారు. 1884లో కలకత్తాలో వార్డెన్, వాడెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ గింజల విషం క్రిములవల్ల వచ్చేది కాదనీ, గింజలోనే ఉన్న మాంసకృత్తు లాంటి పదార్థమనీ తేల్చారు. ఆముదపు గింజలో ఉండే రిసిన్‌కి ఇది తోబుట్టువు. అయితే దానికంటే తీవ్రం. ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి మన శరీరంలోని జీవకణం తలుపు పట్టుకుంటుంది, రెండోది లోపలికి దూరి, కణం మాంసకృత్తులు తయారుచేసుకునే పనిని ఆపేస్తుంది. పొయ్యి ఆర్పేసిన వంటిల్లు అన్నమాట. కణం చచ్చిపోతుంది. మొదట దెబ్బతినేది పేగుల లోపలి పొర. వాంతులు, కడుపునొప్పి, నెత్తురు విరేచనాలు, ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాలు. మన దేశపు వైద్యులు మెదడు దెబ్బతిన్న కేసులు కూడా చూశారు. విరుగుడు మందు లేదు. సెలైన్ పెట్టి, శరీరం నిలదొక్కుకునేదాకా కాపాడటమే వైద్యం.

మరి ఇన్ని తరాలుగా పిల్లలు వీటితో ఆడుకుంటూ ఎలా బతికారంటారా? అదే పెంకు చలవ! ముదిరి ఎండిన గింజను నమలకుండా మింగితే చాలాసార్లు అది ఎలా వెళ్ళిందో అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలితే, నూరితే, పెంకు పగిలితే, కథ వేరు. ఇంకా పెంకు ముదరని పచ్చి గింజ మరీ ప్రమాదం. సూదితో గుచ్చి పూసలుగా చేసిన గింజ కూడా అంతే, తలుపు తెరిచి పెట్టినట్టు. లక్షణాలు వెంటనే కనిపించవు, కొన్ని గంటలు పట్టవచ్చు, ఒక రోజు దాటవచ్చు కూడా. ఈ ఆలస్యమే మనల్ని మోసం చేస్తుంది.

ఈ విషాన్ని చెడుకు వాడుకున్న చరిత్ర కూడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఉత్తర హిందూస్థానంలో తోళ్ళ కోసం పశువుల్ని చంపేవారని బ్రిటిషు పోలీసు రికార్డులు నిండా రాశారు. గింజల్ని నూరి, ముద్ద చేసి, అంగుళంకన్నా చిన్న ముల్లులా మలిచి ఎండబెట్టేవారట. దానికి 'సుయి', అంటే సూది, అని పేరు. కర్ర పిడికి బిగించి పశువును ఒక్క పోటు పొడిస్తే రెండు మూడు రోజుల్లో పడిపోయేది. చూసినవాళ్ళు పాము కరిచిందనుకునేవారు. ఇలాంటి ఘటనలు జరిగిన మాట నిజమే. కాని ఆ రికార్డులు చదివిన ఇటీవలి చరిత్రకారులు మరో సంగతి బయటపెట్టారు. ఆ రోజుల్లో పశువుల్లో పెద్ద అంటురోగాలు చెలరేగి మందలకు మందలు చచ్చాయి. రోగం పేరు తెలియని అధికారులు, తోలుపని చేసుకుని బతికే కులాలవారినంతటినీ విషం పెట్టేవాళ్ళుగా కట్టగట్టి రాసిపారేశారు. చచ్చిన గొడ్డు తోలు తీసుకోవడం వాళ్ళ వృత్తి. కనుక చంపింది కూడా వాళ్ళే అని తీర్పు! గురివింద తన నలుపెరగదన్న సామెత ఆ దొరలకే సరిగ్గా సరిపోతుంది.

దాదాపు అదే కాలంలో పారిస్‌లో మరో వింత జరిగింది. బ్రెజిల్ నాటువైద్యులు కళ్ళ జబ్బుకి ఈ గింజల కషాయం వాడతారని విని, 1882లో ద వెకెర్ అనే పేరుపొందిన కంటి వైద్యుడు దాన్ని ట్రకోమాకి వాడాడు. కంట్లో పోస్తే కన్ను భయంకరంగా ఎర్రబడి, వాచి, చీముపట్టి, ఆ మంట తగ్గాక పాత జబ్బు కూడా తగ్గేదట. కొందరికి చూపు మెరుగుపడింది. కొందరికి ఉన్న చూపూ పోయింది. కొన్నేళ్ళకి ఆ వైద్యం మూలపడింది. కాని యూరపులో శాస్త్రజ్ఞుల చూపు మాత్రం ఈ గింజ మీద పడింది.

వాళ్ళలో ఒకడు పాల్ ఎర్లిక్. బెర్లిన్‌లో 1891లో ఆయన ఎలుకలకి ఏబ్రిన్‌నీ రిసిన్‌నీ చాలా చాలా కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, రోజురోజుకీ కాస్త పెంచుతూ ఇచ్చాడు. కొన్ని వారాలకి, మామూలు ఎలుకని చంపేసే మోతాదు కూడా ఆ ఎలుకల్ని ఏమీ చెయ్యలేకపోయింది. ఇంకో విశేషం, ఆముదపు విషానికి అలవాటుపడిన ఎలుక గురివింద విషానికి చచ్చిపోయేది. అంటే శరీరం ఒక్కొక్క విషానికి వేరు వేరుగా ఎదురుమందు తయారుచేసుకుంటోంది. టీకాల శాస్త్రానికి ఇది పెద్ద మెట్టు.

మరుసటి ఏడాది ఆయన చేసిన ప్రయోగం మన ఆడవాళ్ళు తప్పకుండా తెలుసుకోవలసింది. విషానికి తట్టుకునే తల్లి ఎలుకల పిల్లల్ని మామూలు తల్లుల దగ్గరికీ, మామూలు తల్లుల పిల్లల్ని ఈ తల్లుల దగ్గరికీ మార్చి పాలు తాగించాడు. మామూలు తల్లికి పుట్టినా సరే, తట్టుకునే తల్లి పాలు తాగిన పిల్లలకి ఆ శక్తి వచ్చింది! తల్లిపాలలో ఆహారమే కాదు, రక్షణ కూడా ఉందని ప్రయోగశాలలో రుజువైంది అలాగే. ఎర్లిక్‌కి 1908లో నోబెల్ బహుమానం వచ్చింది. పురిటింట్లో ముర్రుపాలు పిండి పారబోయించే పెద్దవాళ్ళు ఇంకా ఎక్కడైనా ఉంటే, ఈ ఎలుకల కథ వాళ్ళకి చెప్పండి.

ఈ తీగకి మరో కీర్తి కూడా తగిలించబోయారు. రాత్రిళ్ళు దీని ఆకు రెక్కలు వాలిపోతాయి, పగలు లేస్తాయి. మన చింతాకూ అంతే చేస్తుంది. ఆస్ట్రియాకి చెందిన నోవాక్ అనే ఆయన, ఈ ఆకుల కదలికనిబట్టి తుఫానుల్నీ, భూకంపాల్నీ కూడా ముందే చెప్పవచ్చని చాటింపు వేశాడు. లండనులోని క్యూ తోటల వాళ్ళు పరీక్షించి, ఆకులు కదిలేది వెలుతురుకీ వేడికీ చెమ్మకీ తప్ప రాబోయే తుఫానుకి కాదని 1890లో తేల్చేశారు. బంగారం తూచిన గింజ గల తీగ కదా, జోస్యం కూడా చెబుతుందని ఆశపడ్డారు పాపం.

మన వైద్యానికి వద్దాం. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాలలో చేర్చింది. జిల్లేడు, జెముడు, గన్నేరు, ఉమ్మెత్త, అడవినాభి, నల్లమందు పక్కన గుంజకీ చోటు. ఉపవిషం అన్నారంటే ముట్టుకోవద్దని కాదు, శుద్ధి చెయ్యకుండా ముట్టుకోవద్దని. గింజల్ని గుడ్డలో మూటగట్టి, పాలలోగాని పులిసిన గంజిలోగాని వేలాడదీసి గంటల తరబడి ఉడికిస్తారు. ఏబ్రిన్ మాంసకృత్తు కనుక ఎక్కువసేపు వేడి తగిలితే దాని పదును చచ్చిపోతుందని ఈనాటి శాస్త్రమూ అంటుంది. మన వైద్యులకి ఏబ్రిన్ పేరు తెలియకపోయినా దాన్ని చంపే విధం తెలిసింది. అలా శుద్ధి చేసినదాన్ని పేనుకొరుకుడుకీ, జుట్టు రాలడానికీ తైలాల్లో పైపూతగా, బొల్లికి లేపనంగా వాడతారు. మన దేశపు మందుల నిబంధనల్లో విషపదార్థాలున్న ఆయుర్వేద మందుల పట్టిక ఒకటుంది. అందులో గుంజ గింజ కూడా ఉంది. దాన్ని కడుపులోకి వాడే మందుల మీద, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక ముద్రించాలి.

అందుచేత ఒక్క మాట. పత్రికలో చూశామనో, పక్కింటావిడ చెప్పిందనో ఇంట్లో గురివిందలు నూరి కొబ్బరినూనెలో కాచుకోకండి. ఎంత ఉడికిందో, ఎంత విషం మిగిలిందో మన వంటింట్లో తేల్చే సాధనం లేదు. నూరేటప్పుడు ఎగిరే పొడి కళ్ళలోకీ ముక్కులోకీ పోయినా ముప్పే. ఆ రోలూ ఆ మిక్సీ మళ్ళీ చట్నీకి వాడతాం కదా!

ఆకు సంగతి వేరు. నమిలితే తియ్యగా ఉంటుంది. గొంతు బొంగురుపోతే పల్లెల్లో రెండాకులు నోట్లో వేసుకునేవారు. వేరుని అతిమధురం బదులు వాడవచ్చని 1868 నాటి భారతీయ ఔషధ గ్రంథంలోకీ ఎక్కించారు గాని, అది అసలు అతిమధురానికి సాటిరాదు. ఆకులోని తీపి పదార్థాల్ని 1989లో అమెరికాలో వేరుచేశారు. పంచదారకన్నా 30 నుంచి 100 రెట్లు తీపి అట. ఇంత తియ్యటి ఆకూ, అంత చేదు గింజా ఒకే తీగకి!

ఇంకో సంగతి ఉంది. ఇది నలుగురిలో చెప్పవచ్చునా అని కాస్త తటపటాయించాను. చెప్పకపోతేనే తప్పు. కడుపు పోగొట్టుకోవాలని, ఎవరికీ చెప్పుకోలేని స్థితిలో, ఈ గింజల్ని నూరి తీసుకున్న ఆడవాళ్ళు ఈ దేశంలో తరతరాలుగా ఉన్నారు. పాత వైద్య గ్రంథాల్లో ఆ మరణాలు ఒక వాక్యంలో ముగిసిపోతాయి, పేరూ ఊరూ ఉండవు. ఈ విషం కడుపులో బిడ్డ ఏది, తల్లి ఏది అని ఎంచి చూడదు, తల్లి పేగుల్నే ముందు కాలుస్తుంది. 1971లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసింది ఇలాంటి చాటుమాటు చావుల్ని చూశాకే. ఆస్పత్రికి వెళ్ళి డాక్టరమ్మతో మాట్లాడటానికి సిగ్గుపడే పిల్ల మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే, పనిమనిషి కూతురైనా సరే, వెంట మీరు వెళ్ళండి. ఆ వెళ్ళడానికి పట్టేది ఒక్క పూట.

పూసల మాట ఒకటి మిగిలింది. లిన్నేయస్ 1767లో దీనికి పెట్టిన శాస్త్రీయ నామం ఏబ్రస్ ప్రెకటోరియస్. ఆ రెండో మాటకి ప్రార్థనకి సంబంధించినదని అర్థం, జపమాలలు గుచ్చేవారు కనుక. ఇప్పటికీ తీర్థాల్లో, తిరనాళ్ళలో, పట్టణాల్లో చేతిపనుల దుకాణాల్లో ఈ దండలూ గాజులూ అమ్ముతూనే ఉన్నారు. 2011లో ఇంగ్లండులో ఈడెన్ ప్రాజెక్టు అనే పెద్ద తోట దుకాణంలో ఇలాంటి గింజల గాజులు అమ్మాక, విషమని తెలిసి, కొన్నవాళ్ళందరినీ తిరిగి ఇచ్చెయ్యమని ప్రకటించారు. అక్కడ వాళ్ళకి ఈ గింజ కొత్త. మనకి పాతదే. మా అమ్మమ్మ పెట్టెలో గింజలు డబ్బాలో ఉండేవి, డబ్బాకి మూత ఉండేది, మూత మీద తాళంచెవుల గుత్తి ఉండేది. "నోట్లో పెట్టావంటే చూడు!" అనేది తప్ప ఎందుకో చెప్పేది కాదు. తెల్ల గురివింద అదృష్టమని అమ్మేవాళ్ళున్నారు. రంగు తెలుపైనా లోపలి విషం అదే.

బండి గురివిందల్ని దీనితో కలిపి గందరగోళపడకండి. అవి పూర్తిగా ఎరుపు, బొట్టు ఉండదు. వాటిలో ఏబ్రిన్ లేదు. అయినా పచ్చివి తినేవి కావు.

పిల్లవాడు గురివింద గింజ నమిలాడని అనుమానం వస్తే, బాగానే ఆడుకుంటున్నాడు కదా అని రాత్రిదాకా చూడకండి. ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మిగిలిన గింజలు కాగితంలో పొట్లం కట్టి వెంట తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి. పట్నంలో చదువుకున్న కుర్ర డాక్టర్లలో కొందరు ఈ గింజను ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు.

ఇక చవితి వినాయకుడి కళ్ళ సంగతి. గురివిందలే కావాలనుకుంటే, ఎన్ని గింజలు తీశారో లెక్కపెట్టుకుని, నిమజ్జనానికి ముందే ఊడదీసి మళ్ళీ డబ్బాలో వేసెయ్యండి. కంసాలి అలాగే చేసేవాడు, తూకం అయ్యాక గింజలు లెక్కపెట్టి మూతవేసేవాడు. లేదంటే రెండు మిరియాలు అద్దండి. చూపు కాస్త కోపంగా వస్తుంది, అంతే.